పాత ఫుట్‌బాల్ ఆటగాడి కెరీర్ చార్ట్ ఎలా రాయాలంటే

మా పర్లాకిమిడి పిల్లలకి ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ (మనం చూసే ఫుట్‌బాల్ కాదు, ఆస్ట్రేలియాలో ఆడే వేరే ఆట) ఆటగాడు డిక్ రేనాల్డ్స్ గురించి చెప్పడానికి చార్ట్ చేశాను, మీరూ చెయ్యండి. పాత క్యాలెండర్ వెనకవైపు ఆట, కోచింగ్, యుద్ధం అని మూడు వరసలు గీయండి. ఆట వరసలో, ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే ‘బ్రౌన్‌లో’ అనే మెడల్స్ ఆయనకి వచ్చిన ఏళ్ళు: 1934, 1937, 1938. కోచింగ్ పక్కనే రాయాలి, ఎందుకంటే ఆయన మెల్‌బోర్న్‌లోని ఎసెండన్ క్లబ్బుకి కెప్టెనూ కోచూ కూడా, ఆడుతూనే టీముని నడిపించారు, 1942, 1946, 1949, 1950 టైటిల్స్ అలాగే వచ్చాయి, నాకైతే అదే గొప్ప. యుద్ధం వరసలో 1942ని ఎర్ర స్కెచ్‌పెన్‌తో రాయండి, రెండో ప్రపంచ యుద్ధం వల్ల అదే లీగ్‌లోని జీలాంగ్ టీము ఆ ఏడాది ఆడనేలేదు, ఫైనల్ మెల్‌బోర్న్‌లోని కార్ల్‌టన్‌లో జరిగింది. ఆ ఫైనల్లో ఎసెండన్ స్కోరు 19.18 అంటే దశాంశం కాదు, మా పిల్లలు అక్కడే ఆగిపోయారు: 19 గోల్స్‌కి ఆరేసి పాయింట్లు, 18 బిహైండ్స్‌కి (బంతి గోల్ స్తంభాల మధ్య కాక వాటి పక్క ఖాళీలోంచి వెళ్తే బిహైండ్) ఒక్కోటి, మొత్తం 132. కూడిక వాళ్ళచేతే చేయించండి.