కాన్పుకని అమెరికా పోతా ఉండారా? గమ్మీలు, గసగసాలు రెండూ చూసుకోండి

మా వీధిలో ఈ ఏడు ముగ్గురు అమ్మలు విమానం ఎక్కబోతా ఉండారు, ముగ్గురూ కూతుళ్ళ కాన్పులకే, ఇద్దరు డాలస్, ఒకామె న్యూజెర్సీ. నేను పోయొచ్చి రెండేళ్ళయింది కాబట్టి ఆవకాయ ఎట్టా ప్యాక్ చెయ్యాలి, స్వెట్టరు కావలిలో కొనాలా నెల్లూరు పోవాలా అని సాయంత్రమైతే మా అరుగు మీదకి చేరతారు. ఆవకాయ సంగతి ఎవరైనా చెప్తారు. నేను ఒక నర్సింగ్ హోమ్ లేబర్ వార్డులో 19 ఏళ్ళు చేసినదాన్ని, అయినా పుట్టిన బిడ్డకి డ్రగ్ టెస్టు లాంటి, నాకు కూడా తెలియని సంగతులు కొన్ని అక్కడికి పోయినాకే తెలిశాయి, అవి రాస్తా ఉండా. చదివి మీ పిల్లలకి కూడా పంపండి, వాళ్ళకే ఎక్కువ పని.

మా అమ్మాయికి పెళ్ళయిన ఆరేళ్ళకి కడుపు పండింది, నేను రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో దిగి సంతాన రొట్టె తీసుకున్న మరుసటి ఏడు. ఇంక వేవిళ్ళు చూడాలి, మంచినీళ్ళు తాగినా కక్కేసేది. ఒకరోజు ఫోన్లో నవ్వుతా, "అమ్మా, పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి గమ్మీ వేసుకోమంటా ఉంది, వాంతులు తగ్గుతాయంట, నాచురలేనంట" అనింది. నేను గమ్మీ అంటే పిల్లలు చప్పరించే విటమిన్ బిళ్ళ అనుకున్నా. "వేసుకో తల్లీ" అనేశా! పక్కన ఉన్న అల్లుడు అందుకుని "అత్తయ్యా, అది గంజాయి" అన్నాడు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలా. మా అమ్మాయి వేసుకోలేదు, సరిపోయింది.

అందుకే ముందు ఈ పేర్లు నేర్చుకోండి: గమ్మీ, ఎడిబుల్ (తినే గంజాయి), వేప్ (మిషనుతో పీల్చేది), సీబీడీ ఆయిల్ (గంజాయి మొక్క నుంచి తీసిన నూనె), డెల్టా ఎయిట్ (టీహెచ్‌సీ అనే మత్తులోనే ఒక రకం). మనకి గంజాయి అంటే పొట్లం, పొగ, రైల్వే ట్రాక్ పక్కన కూర్చునే కుర్రాళ్ళు. అక్కడ అది రంగురంగుల డబ్బాలో చాక్లెట్ మాదిరి ఉంటుంది, ఫ్రిజ్ మీద పెట్టి ఉంటే మనమే పొరపాటున నోట్లో వేసుకుంటాం. న్యూజెర్సీ, కాలిఫోర్నియా, కొలరాడో లాంటి చోట్ల 21 దాటితే షాపుకి పోయి బిల్లేయించుకుని కొనుక్కోవచ్చు. టెక్సాస్‌లో అట్టా లీగల్ కాదు, అయినా 2018 ఫార్మ్ బిల్లు (వాళ్ళ వ్యవసాయ చట్టం) వచ్చినాక హెంప్ (మత్తు చాలా తక్కువుండే గంజాయి మొక్క) పేరు చెప్పి స్మోక్ షాపుల్లో ఇట్టాంటివే అమ్ముతా వచ్చారు. షాపువాడు చెప్పాడు కదా అని మాత్రం నమ్మొద్దు. కొలరాడోలో 400 షాపులకి ఒకామె ఫోన్ చేసి నాకు 8 వారాలు, వాంతులు ఆగట్లేదు అని అడిగితే 100కి దగ్గర దగ్గర 70 షాపులు వేసుకోమనే చెప్పాయి, 2018లో అచ్చయిన స్టడీ అది. అమ్ముకునేవాడు వద్దంటాడా?

లీగల్ అంటే కడుపులో బిడ్డకి మంచిదని కాదు, ఈ ఒక్కటి పిల్లల బుర్రకెక్కించండి చాలు. గంజాయిలో మత్తిచ్చే టీహెచ్‌సీ మాయ దాటుకుని బిడ్డకి పోతుంది. బిడ్డ బరువు తక్కువ పుట్టడం, నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డని ఎన్‌ఐసీయూలో (పసిబిడ్డల ఐసీయూ) పెట్టాల్సి రావడం వాడినవాళ్ళలో ఎక్కువ కనిపిస్తా ఉంది. అక్కడి గైనిక్ డాక్టర్ల సంఘం ఏకాగ్ కడుపుతో ఉన్నప్పుడూ పాలిచ్చేటప్పుడూ మానెయ్యమనే చెప్తుంది, 2019 ఆగస్టులో అమెరికా సర్జన్ జనరల్ (ప్రభుత్వం తరఫు పెద్ద డాక్టర్) కూడా ఇదే హెచ్చరిక ఇచ్చాడు. మా పిన్ని వాడింది ఏమీ కాలేదు అనేవాళ్ళు ఉంటారు, అయితే అప్పటి సరుకు వేరు ఇప్పటిది వేరు, 1995లో పట్టుబడిన గంజాయిలో టీహెచ్‌సీ సగటున 4 శాతం, 2014కి 12 శాతం.

ఇంకో చిత్రం ఏందంటే రోజూ వాడేవాళ్ళలో కొందరికి గంజాయే వాంతులు తెప్పిస్తుంది, వేడినీళ్ళు పోసుకుంటే కాస్త తగ్గుతుంది, దాన్ని వేవిళ్ళనుకుని ఇంకొంచెం వేసుకుంటారు, ఇంక అది అట్టా తిరుగుతానే ఉంటుంది. వేవిళ్ళకి మందులు లేక కాదు. డాక్సిలమిన్, బీ6 కలిపిన బిళ్ళ మన మెడికల్ షాపుల్లో చూసే ఉంటారు, అక్కడా అదే ఇస్తారు, డాక్టర్‌ని అడగాలంతే. నీళ్ళు కూడా నిలవకపోయినా, ఒంటేలు ముదురు రంగులో కొంచెం కొంచెంగా వస్తా ఉన్నా, బరువు తగ్గిపోతా ఉన్నా అల్లం టీలు పెట్టుకుంటా కూర్చోవద్దు, ఆసుపత్రికి పోయి సెలైన్ పెట్టించుకోవాలి.

పాల సంగతి: టీహెచ్‌సీ కొవ్వులో దాక్కుంటుంది, వాడినాక 6 రోజుల దాకా తల్లిపాలల్లో దొరికినట్టు 2018లో ఒక స్టడీ వచ్చింది. సారాయి మాదిరి కొన్ని గంటలు ఆగితే పోయేది కాదు, పాలు పిండి పారబోసినా పోదు.

ఇక్కడే ఉండేవాళ్ళకి కూడా రెండు మాటలు. మన వార్డుల్లో పుట్టిన బిడ్డకి డ్రగ్ టెస్టులు మామూలుగా చెయ్యరు, కాబట్టి మీరు నోరు విప్పితేనే డాక్టర్‌కి తెలిసేది. గంజాయి ఏజెన్సీలో పుట్టి చెన్నై పోయే దారి మన హైవేనే, ఒంగోలు దగ్గర పట్టుకున్నారు, నెల్లూరు దగ్గర పట్టుకున్నారు అని పేపర్లో చూస్తానే ఉంటాం. మొగుడు తాగుతా ఉంటే ఆ గదిలో కడుపుతో ఉన్న పిల్లని పడుకోబెట్టొద్దు, మాన్పించాలంటే 14446కి ఫోన్ చెయ్యండి, అమ్మేవాళ్ళ గురించి అయితే 1972. విరేచనాలకి జాతీఫలాది చూర్ణం మంచిదని పెద్దాళ్ళు ఇస్తా ఉంటారు, అందులో పడే విజయ అంటే గంజాయి చెట్టు ఆకే, కడుపుతో ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడక్కుండా ముట్టొద్దు.

ఇప్పుడు అసలు భయం, అమెరికాలో పుట్టిన బిడ్డకి డ్రగ్ టెస్టు. తల్లి ఒంటేలు చూస్తారు, బిడ్డ ఒంటేలు చూస్తారు, పుట్టగానే పోయే నల్ల దొడ్డి ఉంటుందే మెకోనియం అది చూస్తారు, బొడ్డుతాడు ముక్క కూడా పంపిస్తారు. ఒంటేల్లో ఈ మధ్య వాడింది తెలుస్తుంది, మెకోనియంలో బొడ్డుతాడులో అయితే కాన్పుకి ముందు నాలుగైదు నెలల్లో జరిగింది కూడా బయటపడొచ్చు. అందుకని తొమ్మిదో నెలలో మానేద్దాంలే అనేది కుదిరే పని కాదు, కడుపని తెలిసిన రోజే మానాలి. ముందునుంచీ అలవాటుండి మానితే కొన్నాళ్ళు నిద్ర పట్టదు, చిరాకు పడతారు, అది కూడా డాక్టర్‌కి చెప్పుకోవాల్సిందే. తిడతారని చెకప్‌లు ఎగ్గొట్టారనుకోండి, చాలా ఆసుపత్రుల్లో చెకప్‌లకి రాకపోవడమే టెస్టు చెయ్యడానికి ఒక కారణం.

టెస్టు పాజిటివ్ వస్తే ఏమవుతుందనేది రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది. కొన్నిచోట్ల సోషల్ వర్కర్ వచ్చి మాట్లాడి, బిడ్డని ఎట్టా చూసుకుంటారో ఒక ప్లాన్ రాసుకుని పోతారు, కొన్నిచోట్ల పిల్లల రక్షణ శాఖకి, సీపీఎస్ అంటారు, రిపోర్టు పోతుంది. పాజిటివ్ అనగానే బిడ్డని ఎత్తుకుపోతారని గుండెలు బాదుకోవద్దు. మొదటి టెస్టు పైపైన చూసేదే, తప్పు కూడా చెప్తుంది, కొన్ని బేబీ సబ్బుల వల్లే బిడ్డ ఒంటేల్లో గంజాయి ఉన్నట్టు వచ్చిందని 2012లో తేలింది. కన్ఫర్మేషన్ టెస్టు చేశారా, మాస్ స్పెక్ట్రోమెట్రీ అనేది, ఆ రిపోర్టు చూపించండి అని అడగాలి.

ఇంతకంటే ముందు అడగాల్సింది సంతకం దగ్గర. నొప్పులతో ఉన్న పిల్లకి ట్యాబ్ ఇచ్చి ఇక్కడ ఇక్కడ సైన్ అంటారు, అప్పుడేం చదువుతుంది? ఏడో నెలలోనే మీ పాలసీ ఏంటి, నన్ను టెస్టు చేస్తారా, బిడ్డని చేస్తారా, నన్ను అడిగే చేస్తారా అని డాక్టర్ దగ్గర తేల్చుకోమనండి. అడిగితే అనుమానిస్తారేమోనని మా అమ్మాయి నసిగింది, అడిగితే ఆ డాక్టరమ్మ చక్కగా చెప్పింది. పోలీసులకి సాక్ష్యం కోసం కడుపుతో ఉన్నామెని ఆమె ఒప్పుకోకుండా ప్రభుత్వ ఆసుపత్రి టెస్టు చెయ్యకూడదని 2001లోనే వాళ్ళ సుప్రీంకోర్టు చెప్పింది.

వీసా మీద ఉన్నవాళ్ళు ఇంకొంచెం జాగ్రత్త. రాష్ట్రం ఒప్పుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోలేదు, ఇమిగ్రేషన్ చూసేది ఫెడరల్. వాడానని వాళ్ళ ముందు ఒప్పుకుంటే గ్రీన్ కార్డ్‌కి అడ్డం పడొచ్చు, సిటిజన్‌షిప్‌కి కూడా అడ్డం కావొచ్చని 2019 ఏప్రిల్‌లో యూఎస్‌సీఐఎస్ (ఇమిగ్రేషన్ ఆఫీసు) రాసిపెట్టింది. అబద్ధం చెప్పమని కాదు, అది ఇంకా పెద్ద తప్పు, ఫారం నింపేముందు లాయర్ దగ్గరికి పోవాలి. డాక్టర్ దగ్గర మాత్రం దాచొద్దు.

చివరికి గసగసాలు. నేను వెళ్ళిన మూడో రోజు, అమ్మాయికి తొమ్మిదో నెల, గసగసాలు కొబ్బరి నూరి కోడికూర చేశా, ఇల్లంతా వాసన. ఒక ముద్ద తిని "అమ్మా, ఇందులో గసాలేశావా" అని ప్లేట్ తోసేసింది. ఒళ్ళు మండింది నాకు, అత్తగారి ముందు పెట్టినా ఇట్టా తొయ్యలేదే అని. తర్వాత చెప్పింది, గసగసాల పైన ఉండే మార్ఫిన్ ఒంటేల్లో పడుతుంది, ఒక్క బేగల్ తిన్న తల్లులకే పాజిటివ్ వచ్చి సీపీఎస్ దాకా పోయిన కేసులు ఉన్నాయని. ఫెడరల్ ఉద్యోగాల టెస్టుల్లో ఈ గొడవ వల్లే 1998లో కటాఫ్ (ఇది దాటితేనే పాజిటివ్ అనే గీత) మిల్లీలీటరుకి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు, ఆసుపత్రులు కొన్ని ఇంకా 300 దగ్గరే ఉన్నాయి. 2024లో న్యూజెర్సీ అటార్నీ జనరల్ ఒక ఆసుపత్రి సంస్థ మీద అడక్కుండా గర్భిణుల్ని టెస్టు చేస్తా ఉన్నారని కేసు కూడా వేశాడు. కాబట్టి ఆఖరి నెలల్లో గసాల పాయసం, గసాలు పడిన మసాలా ఆపండి, జీడిపప్పు నూరి వేస్తే గ్రేవీ చిక్కగానే వస్తుంది. పొరపాటున తినుంటే నర్సుకి ముందే చెప్పండి.

ఇంకోటి, దుబాయ్ అబుదాబి మీదుగా టికెట్ ఉన్నవాళ్ళకి, అక్కడ గసగసాలు నిషేధం, సింగపూర్‌లో కూడా. సూట్‌కేసులో మసాలా డబ్బాలన్నీ తీసి చూసుకోండి. గసగసాల పొట్లం ఉంటే మా ఇంట్లో ఇచ్చిపోండి, ఆదివారం కోడికూరలోకి నేను వేసుకుంటా.