ఘాట్ రోడ్డులో రోడ్ బైక్ (కిందికి వంగిన హ్యాండిల్ ఉండే సైకిల్) మీద భయం లేకుండా దిగడం ఎలా?

అరకు దారిలో అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు ఆయాసమే తప్ప భయం ఉండదు. దిగేటప్పుడే గుండె దడ. మొదటిసారి నేను పైనుంచి కిందిదాకా బ్రేకులు వదలకుండా దిగాను. సగం దారిలోనే వేళ్లు మొద్దుబారాయి. తీరా పెద్ద మలుపు వచ్చేసరికి బ్రేకు లివర్ నొక్కే బలం మిగల్లేదు. బండి అనుకున్న చోట ఆగుతుందన్న నమ్మకం కుదిరాకే నాకు ఆ టెన్షన్ పోయింది.

అందుకే ముందు ఆగడం నేర్చుకోండి. బ్రేకులు, టైర్లు సరిచూసుకుని, బండ్లు తిరగని తిన్నని వాలు రోడ్డు ఎంచుకోండి. ఒక చోట సుద్దముక్కతో గీత గీసి, గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వచ్చి, అక్కడ బ్రేకు మొదలుపెట్టండి. రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బిగిస్తూ నొక్కాలి. ఆపే పని ఎక్కువగా ముందు బ్రేకుదే. ఆ సమయంలో బరువు ముందుకు తూలుతుంది కాబట్టి నడుమును సీటు వెనక్కి జరపండి. ఎంత దూరంలో ఆగారో చూసుకోండి. తరువాత 30, ఆపైన 40. వేగం రెట్టింపయితే ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. ఇది చదివి తెలుసుకోవడం వేరు, రోడ్డు మీద అడుగులు కొలిచి చూడడం వేరు.

రెండోది చేతులు. పల్లంలో హ్యాండిల్ కింది వంపు పట్టుకోండి. అక్కడినుంచి లివర్ తక్కువ బలంతోనే గట్టిగా పడుతుంది, గతుకుల్లో చేయి జారదు, ఒళ్లు కూడా కిందికి వంగి బండి నిలకడగా ఉంటుంది. వేళ్లు అందకపోతే, చాలా లివర్లను స్క్రూతో దగ్గరికి జరపవచ్చు. చిన్న చేతులున్నవాళ్లు ఇది తప్పకుండా చేయించుకోవాలి. మోచేతులు బిగించకండి.

ఇక మలుపులు. అసలు కథంతా ఇక్కడే. వేగం తగ్గించడం మలుపు రాకముందే, బండి నిటారుగా ఉండగానే అయిపోవాలి. వంగి తిరుగుతూ గట్టిగా బ్రేకు పడితే టైరు జారుతుంది. ఎడమకు తిరిగేటప్పుడు కుడి పెడల్ కింద ఉంచి, బరువంతా ఆ పాదం మీద వేయండి. కుడి మలుపుకైతే ఎడమ పాదం. చూపు మలుపు ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఉండాలి. గుంతనే చూస్తూ ఉంటే బండి గుంతలోకే పోతుంది. మన వైపు దాటి కుడికి పోవద్దు. హెయిర్‌పిన్ (వెనక్కి మళ్లే ఇరుకు మలుపు) దగ్గర ఎదురెక్కే లారీకి రోడ్డంతా కావాలి.

పొడవైన దిగుడులో బ్రేకులు పట్టుకునే ఉండకండి. కాసేపు గట్టిగా నొక్కి, వదిలి, మళ్లీ నొక్కండి. రిమ్ బ్రేకులైతే (చక్రం అంచును పట్టేవి) ఆ రాపిడి వేడికి ట్యూబు పేలే ప్రమాదం కూడా ఉంది. హ్యాండిల్ వణకడం మొదలైతే కంగారుపడి బిగించవద్దు. ఫ్రేము పైగొట్టానికి మోకాలు ఆనించి, నెమ్మదిగా వేగం తగ్గించండి.

చలికాలం పొద్దున్న ఘాట్‌లో మంచుకు రోడ్డు తడిసి ఉంటుంది. తెల్ల గీతలు, మలుపుల్లో ఇసుక తప్పించండి.

ఒకే వాలును నాలుగైదు రోజులు దిగండి. స్నేహితులు వేగంగా వెళ్తుంటే వెళ్లనివ్వండి, కింద కలుద్దామని చెప్పండి. వేళ్లు నొప్పి పుడితే పక్కకు తీసి ఆగండి. డిస్క్ బ్రేకులైతే అప్పుడు ఆ డిస్కును మాత్రం ముట్టుకోకండి, చేయి కాలుతుంది.