పిల్లలకు సీటీ స్కాన్ తీయించే ముందు

సీటీ ఇచ్చే జవాబే అల్ట్రాసౌండ్‌తోనో ఎమ్మారైతోనో దొరుకుతుందా అని డాక్టర్‌ని అడగండి. సీటీలోలా వాటిలో ఎక్స్ కిరణాలు ఉండవు. అపెండిక్స్ అనుమానమైతే ముందు అల్ట్రాసౌండే. కానీ తలకు గట్టి దెబ్బ తగిలి, మగతగా ఉండి, వాంతులవుతుంటే సీటీ వద్దనకండి. అక్కడ ఆలస్యమే అసలు ముప్పు.

సీటీ మెషిన్ సెట్టింగులు పిల్లల సైజుకు తగ్గించారా అని కూడా అడగండి. పెద్దల సెట్టింగుతోనూ బొమ్మ చక్కగానే వస్తుంది, అందుకే పొరపాటు ఎవరి కంటా పడదు. డోసు, అంటే ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు, మాత్రం పెరిగిపోతుంది.

కాంట్రాస్ట్ (బొమ్మ స్పష్టంగా రావడానికి ఇచ్చే మందు) లేకుండా ఒకసారి, ఇచ్చాక మరోసారి తీస్తామంటే రెండూ కావాలా అని అడగండి. డోసు దాదాపు రెట్టింపు.

పాత స్కాన్ల సీడీ తీసుకెళ్లండి. ఉత్త రిపోర్టు కాగితం చాలదు, ఆసుపత్రి మారగానే మళ్లీ తీసేది అందుకే.

పిల్లలు కదిలితే బొమ్మ చెదిరి మళ్లీ తీయాల్సొస్తుంది. చంటిబిడ్డైతే నిద్రవేళకు టైమ్ తీసుకోండి. మత్తిస్తే ఎన్ని గంటలు ఖాళీ కడుపుతో ఉంచాలో ముందే కనుక్కోండి.

బిడ్డను పట్టుకోవడానికి గర్భిణి లోపలికి వెళ్లొద్దు.

మామూలు ఛాతీ ఎక్స్‌రేకి ఇంత హైరానా అక్కర్లేదు. దాని డోసు ప్రకృతి నుంచి మనకు కొద్ది రోజుల్లో అందే రేడియేషన్ అంతే. తల సీటీది కొన్ని నెలలంత.