పాచి బండల మీద జారకుండా పాత సాక్సులు

సదాశివకోన, నాగలాపురం కొండల వైపు వారాంతంలో గుంపుగా వెళ్లేవాళ్లకు ఎక్కడం పెద్ద కష్టమేం కాదు. వాగు దాటేచోటే చిక్కంతా. నీళ్లలో బండలకి పచ్చగా పాచి పట్టి ఉంటుంది, 3 వేలు పెట్టి కొన్న షూ కూడా సర్రున జారుతుంది.

పాత నూలు సాక్సులు, మందంగా, కాస్త వదులుగా ఉండేవి మనిషికి 2 జతలు బ్యాగులో వేసుకోండి. వాగు దగ్గరికి రాగానే షూ విప్పకుండా వాటి మీదే తొడగాలి. మడమ భాగం సరిగ్గా మడమ కిందికే రావాలి, లేదంటే నాలుగడుగులకే మెలితిరిగి వేళ్ల దగ్గర ముద్దయిపోతుంది. చీలమండ దగ్గర రబ్బరు బ్యాండు వేస్తే ఇక కదలదు. చూడ్డానికి మాత్రం పగటివేషంలా ఉంటుంది, ఫొటోల పిచ్చి ఉన్నవాళ్లకు ముందే చెప్పేయండి. పలచటి నైలాన్‌వి దీనికి పనికిరావు.

బురద, ఎండుటాకుల దారిలోకి రాగానే తీసేయండి. మట్టి అంటితే మామూలు షూ కంటే ఎక్కువ జారుతుంది. జలపాతం పక్కన ఏటవాలు బండ మీద దీన్ని అసలు నమ్ముకోవద్దు. వాగు నీళ్లు ఎర్రబడుతుంటే పైన వాన పడినట్టే, కాళ్లకి ఏం తొడుక్కున్నా దాటకండి.

తడి సాక్సులకి ఒక కవరు ఉంచుకోండి, కోనలో పారేయకుండా.