చిన్న కెమెరా ఫొటో అవతలి ఫోన్‌కి చెడకుండా చేరాలంటే

వాకిట్లో ముగ్గు ఫొటో తీశారు. కెమెరాలో చూస్తే చుక్క చుక్కా విడిగా కనిపిస్తుంది, వాట్సాప్‌లో పిన్నికి చేరేసరికి గీతలన్నీ అలుక్కుపోయి ఉంటాయి. లెన్సు తప్పేం లేదు. 20 మెగాపిక్సెళ్ల మైక్రో ఫోర్ థర్డ్స్ కెమెరా (లెన్సు మార్చుకునే చిన్న కెమెరాల్లో ఒక రకం) ఇచ్చే ఫైలు 5184×3888 పిక్సెళ్లు. మామూలుగా పంపితే వాట్సాప్ దాన్ని పొడవు వైపు సుమారు 1600కి దించి, ఆపైన గట్టిగా కుదిస్తుంది. ఆ పని దానికి వదలకుండా మీరే చేసుకోండి.

ముందు కెమెరాలో రా+జేపెగ్ పెట్టుకోండి, అంటే సెన్సర్ చూసింది చూసినట్టు దాచే రా ఫైలూ, మామూలు ఫొటో ఫైలైన జేపెగ్గూ రెండూ వస్తాయి. రా ఒక్కటే తీస్తే ఓఆర్ఎఫ్, ఆర్‌డబ్ల్యు2 అనే ఆ రా ఫైళ్లు చాలా ఫోన్లలో తెరుచుకోవు. కలర్ స్పేస్ (ఫైలులో పట్టే రంగుల పరిధి) ఎస్‌ఆర్‌జీబీలోనే ఉండాలి. అడోబ్ ఆర్‌జీబీలో ఉంటే కొన్ని యాప్‌లలో కుంకుమ ఎరుపు వెలిసిపోయినట్టు కనిపిస్తుంది. ఎండలో తెల్ల పంచె, ముగ్గు పిండి లాంటివి తీస్తుంటే ఎక్స్‌పోజర్ (ఫొటోకి అందే వెలుగు) -0.3 నుంచి -0.7 దాకా తగ్గించండి.

ఇంట్లో లైట్ల కింద సైలెంట్ (ఎలక్ట్రానిక్) షట్టర్ వాడారా, ఫొటో మీద అడ్డంగా చారలు పడొచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చాలా లైట్లు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి, ఎలక్ట్రానిక్ షట్టరేమో సెన్సర్‌ని వరసవరసగా చదువుతుంది. మెకానికల్ షట్టర్‌కి మార్చి, షట్టర్ వేగం 1/100 సెకను గానీ 1/50 సెకను గానీ పెట్టండి. పడిన చారల్ని ఎడిటింగ్‌లో తీయాలని కూర్చుంటే పొద్దు గడిచిపోతుంది. ఐఎస్ఓ (వెలుగుని సెన్సర్ పట్టే చురుకు) పెంచితే ఫొటో గరుకుగా వస్తుంది, కానీ 3200కి భయపడక్కర్లేదు, సైజు తగ్గించగానే ఆ గరుకు చాలావరకు కనిపించదు.

ఫోన్‌లోకి ఎక్కించడానికి ఓఐ.షేర్, లూమిక్స్ సింక్ లాంటి కెమెరా కంపెనీల యాప్‌లున్నాయి. కెమెరా వైఫైలో ఇంటర్నెట్ ఉండదు కాబట్టి ఫోన్ దాన్ని వదిలేసి మొబైల్ డేటాకి పోతుంటుంది. ఎక్కించినంతసేపూ డేటా ఆపేయండి. 30 ఫొటోలు దాటితే టైప్-సి కార్డ్ రీడరే నయం.

తర్వాత పొడవు వైపు 2048 పిక్సెళ్లకు తగ్గించి, షార్పెనింగ్ (అంచుల్ని పదునుగా చేయడం) ఆఖర్న కొద్దిగా ఇచ్చి, జేపెగ్ క్వాలిటీ 85 దగ్గర సేవ్ చేయండి. షార్పెనింగ్ ముందే ఇస్తే సైజు తగ్గాక అంచులు మళ్లీ మెత్తబడతాయి. ఈ ఫైలుని వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నదున్నట్టు చేరుతుంది. ఇన్‌స్టాగ్రామ్‌కైతే 1080×1440 చాలు. 2025 నుంచి అది 3:4 నిలువు ఫొటోల్ని తీసుకుంటోంది, ఈ కెమెరాని నిలువుగా పట్టుకుంటే వచ్చే కొలతా అదే, అంగుళం కూడా కత్తిరించక్కర్లేదు.

డాక్యుమెంట్‌గా పంపేటప్పుడు ఒకటి చూసుకోండి. ఫోన్ యాప్ ద్వారా కెమెరాకి లొకేషన్ ఇచ్చి ఉంటే, ముగ్గుతో పాటు మీ ఇల్లెక్కడో కూడా ఫైల్లోనే వెళ్తుంది. సేవ్ చేసేటప్పుడే లొకేషన్ తీసేయండి.