పిచ్చుక రెక్కలో తెల్ల ఈక కనిపిస్తే

హైదరాబాద్ బేగంబజార్‌లో గోనెసంచుల దగ్గర నూకలు ఏరుకుంటున్న ఒక మగ పిచ్చుక కుడి రెక్కలో రెండు తెల్ల ఈకలు చూసి, ముందు సున్నం అంటుకుందేమో అనుకున్నాను. అది ఎగిరి షట్టర్ మీద వాలి, రెక్క చాపి, ముక్కుతో ఒక్కో ఈకా దువ్వుకుంది. తెలుపు పోలేదు. మీరూ అంతే, రంగు తేడాగా ఉందనిపిస్తే అది ఒళ్లు దులుపుకునేదాకా ఆగండి, ఎందుకంటే మట్టిలో పొర్లిన పిచ్చుక కాసేపు వేరే రంగులోనే కనిపిస్తుంది.

అసలు మామూలు పిచ్చుక బాగా తెలిసుంటేనే తేడా కంటపడుతుంది. మగదానికి నెత్తి బూడిద రంగు, కంటి నుంచి మెడ దాకా ఇటుక రంగు, గొంతు కింద నలుపు. ఆడది మట్టి రంగు, కంటి వెనక లేత గీత. మగదాని ముక్కు జతకట్టే కాలంలో నల్లబడి తర్వాత పాలిపోతుంది, కొత్త ఈకల లేత అంచులు అరిగేదాకా గొంతు నలుపు కూడా సగమే కనిపిస్తుంది. ఇవి వింతలు కావు. అమీన్‌పూర్ చెరువు వైపు వెళ్తే ఆడ గిజిగాడిని చూసి మోసపోవద్దు, దాని ముక్కు లావు. గొంతు మీద పసుపు మచ్చ ఉంటే అది వేరే జాతి పిచ్చుక.

ఇక కన్ను చూడండి, ఇదే ముఖ్యం. ఒళ్లంతా తెలుపు, కళ్లు ఎర్రగా ఉంటే ఆల్బినో. వాటికి చూపు సరిగా ఆనదు, అందుకే పెద్దవయ్యేదాకా బతికేవి చాలా తక్కువ. కళ్లు నల్లగానే ఉండి అక్కడక్కడ తెలుపుంటే చాలామంది వెంటనే ల్యూసిజం, అంటే పుట్టుకతోనే ఈకలకు రంగు అందకపోవడం, అనేస్తారు, కానీ వయసు వల్లా, సరైన తిండి లేకా ఈకలు తెల్లబడొచ్చు. అందుకే నేను నోట్‌బుక్‌లో పేరు రాయను, ఏ రెక్క, ఎన్ని ఈకలు అని రాస్తాను. పాలెక్కువైన చాయ్ రంగులో, ఒళ్లంతా ఒకేలా వెలిసినట్టుంటే రంగు పలచబడిన పక్షి కావచ్చు.

ఫోటో రెండు వైపులా తీయండి, ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి, లేకపోతే ఎండలో మామూలు ఈక కూడా తెల్లగా వస్తుంది. చూసిన పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో పెట్టండి గానీ గూడు ఎక్కడుందో మాత్రం ఎవరికీ చెప్పొద్దు, పట్టుకెళ్లేవాళ్లుంటారు.

పిచ్చుకలు ఉన్న పేట వదిలి పెద్దగా పోవు కాబట్టి అదే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లండి. ఆ షట్టర్ మీది పిచ్చుక ఈకలు మార్చుకున్నాక మళ్లీ దొరికింది, ఇప్పుడు తెల్ల ఈకలు మూడు.