మంచు కొండకి మొదటిసారి: మ్యూనిక్ వెళ్తున్న మన గుంటూరు పిల్లలకి

జర్మనీలోని మ్యూనిక్‌లో సీటొచ్చి, స్కీయింగ్‌కి (కాళ్ళకి పొడవాటి పలకలు, అంటే స్కీలు, బిగించుకుని మంచు వాలు మీద జారడం) వెళ్ళాలనుకునే పిల్లలు బ్రాడీపేటలో మా ఇంటికొచ్చి నన్ను మొదట అడిగేది జాకెట్ గురించి. కొన్నేళ్ళు అక్కడ ఉండి వచ్చినదాన్ని కాబట్టి చెప్తున్నా, జాకెట్ ఎవర్నైనా అడిగి అరువు తెచ్చుకోండి, డబ్బు టీచర్ మీద పెట్టండి. జట్టులో ఒకడు అంతకుముందు రెండు చలికాలాలు వెళ్ళొచ్చి ఉంటాడు. "నేను నేర్పిస్తాగా, క్లాసు దండగ" అంటాడు. వాడి మాట వినొద్దు. వాడికి జారడం వచ్చు, నేర్పడం రాదు. మధ్యాహ్నానికి విసుగొచ్చి వాడు పైకి పోతాడు, మీరు వాలు మధ్యలో బిక్కమొహం వేసుకుని నిలబడతారు. స్కీ స్కూల్లో కొత్తవాళ్ళ గ్రూప్ క్లాసుకి వారం ముందే పేర్లిచ్చేయండి.

ఊళ్ళో ఉండగానే మొదలుపెట్టాల్సింది తొడల సంగతి. అక్కడ రోజంతా మోకాళ్ళు వంచే ఉండాలి, భారమంతా వాటి మీదే. రోజూ గుంజీళ్ళు తియ్యండి, బళ్ళో మాస్టారు తీయించినవే. ఆదివారాలు మంగళగిరి వెళ్ళి పానకాల స్వామి మెట్లెక్కండి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుందే గానీ అసలు కసరత్తు దిగేటప్పుడే. మెట్టు మెట్టుకీ బరువు ఆపుకుంటూ నెమ్మదిగా దిగితే, మంచులో తొడలు చేసే పని ఇక్కడే అలవాటవుతుంది. బెజవాడ వాళ్ళకి ఇంద్రకీలాద్రి ఉండనే ఉంది.

మ్యూనిక్ నుంచి వారాంతానికి తేలికైన ఊరు గార్మిష్-పార్టెన్‌కిర్షెన్. రీజనల్ రైల్లో గంటన్నర లోపే. 1936 వింటర్ ఒలింపిక్స్ జరిగింది ఇక్కడే, ఒలింపిక్స్‌లో ఆల్పైన్ స్కీయింగ్ (కొండ వాలు మీద కిందికి జారే పోటీలు) మొదలైందీ అప్పుడే. జర్మనీలోకెల్లా ఎత్తైన జుగ్‌స్పిట్స శిఖరం, 2962 మీటర్లు, ఆ పక్కనే. ఫోటోల కోసం దాని మీదికి ఇంకోసారి వెళ్దురు గానీ, మొదటిసారి ఊరి దగ్గర్లోని హౌస్‌బెర్గ్ కొండ చాలు. బయర్న్ టికెట్ (ఆ రాష్ట్రంలో రీజనల్ రైళ్ళకి ఒక రోజు చెల్లే టికెట్) ఒక్కటి తీసుకుంటే ఐదుగురి దాకా ఎక్కొచ్చు. మామూలు రోజుల్లో ఉదయం 9 దాకా ఆగాలి గానీ శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే చెల్లుతుంది. ఐసీఈ లాంటి ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కకూడదు. ఆరోవాడు వస్తానంటే ఖర్చు లెక్క మారిపోతుంది, ముందే ఐదుగురితో ఆపండి. డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా రీజనల్ రైళ్ళకి పనికొచ్చే నెలవారీ పాస్) ఉన్నవాళ్ళకి ఈ గొడవే లేదు.

స్కీలు, బూట్లు, హెల్మెట్ అద్దెకే. కొట్లో మీ బరువు, ఎత్తు, వయసు, ఎంత బాగా వచ్చో అడుగుతారు. ఇక్కడ సిగ్గూ వద్దు, గొప్పలూ వద్దు. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోవాలి. ఎంత బలానికి ఊడాలన్నది ఆ లెక్కల్ని బట్టే బిగిస్తారు. బరువు తగ్గించి చెప్తే ఊరికే ఊడిపోతుంది. "నాకు బాగా వచ్చు" అన్నారంటే ఊడాల్సినప్పుడు ఊడదు, మోకాలు మెలిపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ టైమ్ బూట్ల దగ్గర పెట్టండి. సాక్స్ ఒక్క జతే, మోకాళ్ళ దాకా వచ్చే పల్చటివి. చలి అని రెండు జతలు వేస్తే ముడతలు పడి పుళ్ళు లేస్తాయి, రక్తం ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. ప్యాంటు అంచు బూటులోకి పోకూడదు. కాలు దూర్చాక మడమని నేలకేసి రెండుసార్లు కొట్టి వెనక్కి సర్దుకుని అప్పుడు క్లిప్పులు పెట్టండి. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు గోడకి తగలాలి, మోకాళ్ళు వంచగానే కొంచెం వెనక్కి రావాలి. మొదటిసారి వేసుకున్నవాళ్ళందరూ "చిన్నవయ్యాయి" అనే అంటారు. అలా బిగుతుగానే ఉండాలి. మడమ లోపల పైకి లేస్తోందంటే మాత్రం ఇంకో సైజు అడగండి. స్కీలో కాలు పెట్టే ముందు బూటు అడుగున అంటిన మంచు గీకెయ్యాలి, లేకపోతే ఎంత తొక్కినా క్లిక్ పడదు.

బట్టల్లో జీన్స్, కాటన్ బనీన్ వద్దు. తడిస్తే ఆరవు, వణుకు పట్టుకుంటుంది. లోపల థర్మల్, దాని మీద ఫ్లీస్, పైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు, గ్లవ్స్. గుంటూరు ఎండల్లో పెరిగినవాళ్ళం మనకేంటని సన్‌స్క్రీన్ మానేస్తారు. కొత్త మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిరిగి మొహం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు కింద కూడా రాయండి. ఫోన్ లోపలి జేబులో ఉంచండి, చలికి బ్యాటరీ చచ్చిపోతుంది.

క్లాసులో మొదట నేర్పేది పిజ్జా ముక్క ఆకారం. స్కీల ముక్కులు దగ్గరగా, తోకలు దూరంగా పెట్టి లోపలి అంచుల మీద నొక్కితే వేగం తగ్గుతుంది. భయం వేయగానే ఒళ్ళు వెనక్కి వాలుతుంది, అలా వాలితే స్కీలు మన మాట వినవు. ఒంటి బరువు ముందుకే, బూటు నాలుకకి కాలి ఎముక ఆనాలి. పడక తప్పదనుకుంటే పక్కకి పడండి. లేవడానికి రెండు స్కీల్నీ వాలుకి అడ్డంగా, మీకంటే కిందవైపు ఉండేలా తిప్పుకుని లేవండి, లేకపోతే లేచిన మనిషి లేచినట్టే జారిపోతాడు. యూరప్‌లో నీలం గుర్తున్న వాలు తేలిక, ఎరుపు మధ్యరకం, నలుపు ముదుర్లకి. కింద ఉన్నవాళ్ళదే ఎప్పుడూ హక్కు, వెనక నుంచి వచ్చేవాడే తప్పుకోవాలి. మలుపు తిరిగిన చోట, ఇరుకు దగ్గర ఆగి సెల్ఫీలు తీసుకోవద్దు.

తిండికి పులిహోర కట్టుకెళ్తామంటారు. ఆ చలికి అన్నం గట్టిపడి గింజలు గింజలుగా అయిపోతుంది. చపాతీలో కారప్పొడి, నెయ్యి రాసి చుట్టి జాకెట్ లోపల పెట్టుకోండి. అది తిన్న చేత్తో గాగుల్స్ కింద కళ్ళు తుడుచుకున్నారో, ఇక ఆ పూటకి స్కీయింగ్ అయిపోయినట్టే. కొండ మీది హోటళ్ళలో బయటి తిండి తిననివ్వరు, బయట బెంచీ మీద తినాలి. శాకాహారులకి లోపల గెర్మ్‌క్నోడెల్ దొరుకుతుంది. ప్లం జామ్ కూరి ఆవిరి మీద ఉడికించిన పెద్ద ఉండ, పైన వెనీలా సాస్, గసగసాలు. ఒక్కటి తింటే సాయంత్రం దాకా ఆకలెయ్యదు.

"కాలు విరిగితే ఎవరు చూస్తార్రా" అని ఫోన్‌లో అమ్మ అడిగేదానికి జవాబు దగ్గర ఉండాలి. హెల్త్ కార్డు జేబులో పెట్టుకోండి. ఎవరినైనా గుద్దితే పనికొచ్చే లయబిలిటీ ఇన్సూరెన్స్ ముందే తీసుకోండి. ఇటలీ వెళ్తే 2022 నుంచి అది తప్పనిసరి. సరిహద్దు దాటి ఆస్ట్రియా వెళ్తే పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు కూడా ఉండాలి. అక్కడ హెలికాప్టర్‌తో దింపాల్సి వస్తే జర్మనీ ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌ని నమ్ముకోకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి. ఆపదొస్తే ఎక్కడున్నా ఫోన్ 112కే.

రెండో రోజు తొడలు మొరాయిస్తాయి. "చివరగా ఒక్క రౌండ్" అని ఎవడో ఒకడు తప్పకుండా అంటాడు, అప్పటికి కాళ్ళలో సత్తువ ఉండదు, మంచు కూడా గట్టిపడి గీసుకుపోతుంటుంది. మూడింటికల్లా సామాను తిరిగిచ్చేసి రైలెక్కండి. ఆలస్యమైతే అద్దె కొట్టు దగ్గర క్యూ, రైల్లో నిలబడే ప్రయాణం.